జనవరి ఎండలో హీటరు

నేను పదో తరగతి రెండు దేశాల్లో చదివాను. వినడానికి గొప్పగానే ఉంటుంది. అసలు సంగతేంటంటే, ఆంధ్రాలో లెక్కల్లో తప్పాను, సిడ్నీ వచ్చాక మళ్ళీ తెచ్చి పదిలోనే కూర్చోబెట్టారు. ఇక్కడి బళ్ళో ఎవర్నీ తప్పించరట. నా మూలంగా వాళ్ళ పద్ధతి మారిపోతుందేమోనని భయమేసి, పది గట్టెక్కగానే నేనే మానేశాను.

నాన్న అక్కడ ఉన్నప్పుడు లారీ డ్రైవరు. మా ఇంట్లో ఏటా క్రమం తప్పకుండా పాసయ్యేది ఆ లారీ ఒక్కటే, ఫిట్‌నెస్ పరీక్షలో. చుట్టాలెవరైనా వచ్చి "పిల్లాడి రిజల్ట్ ఏమైంది?" అంటే నాన్న లోపలికెళ్ళి లారీ కాగితాలు తెచ్చి చూపించేవాడు.

అమ్మ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద ముగ్గురం వచ్చి సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో దిగాం. నాన్న ఓ గోడౌన్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు. "లారీ తోలినవాణ్ణి, చివరికి పిల్లలాడుకునే బండి ఇచ్చారు" అని రోజూ సణుగుతూనే వెళ్ళేవాడు. నేనేమో బడి మానేసి, బేకరీ పని నేర్పే కాలేజీలో చేరాను. రొట్టెలకి లెక్కలతో పనేముంటుందిలే అనుకున్నాను. పిండికి నీళ్ళెంత, ఈస్ట్ ఎంత, ఉప్పెంత... చేరాక చూస్తే అన్నీ లెక్కలే. అయినా ఆ లెక్కలు పొయ్యిలోంచి పొంగి బయటికొచ్చేవి కాబట్టి నాకు నచ్చాయి.

ఇక మా కారు. పక్కవీధి ముసలాయన దగ్గర నాన్న కొన్నాడు. టైర్లని కాలితో తన్నాడు, బానెట్‌కి చెవి ఆనించి విన్నాడు, "ఇంజన్ మంచిదిరా, మిగతావన్నీ అలంకారాలే" అన్నాడు. ఆ అలంకారాల్లో తలుపులు, అద్దాలు, బ్రేకులు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఒకప్పుడు ఎర్ర కారు. మా చేతికొచ్చేసరికి ఎండకి వెలిసి వెలిసి, పళ్ళ డాక్టరు పుక్కిలించమని ఇచ్చే లేత గులాబీ నీళ్ళ రంగుకొచ్చింది. అద్దం దింపే పిడి ఎప్పుడో ఊడిపోయింది. ఆ పని చెయ్యడానికి డాష్‌బోర్డులో ఓ పానా పెట్టుకునేవాళ్ళం. స్పీడు బ్రేకరు ఎక్కితే డిక్కీ తెరుచుకునేది. ఓసారి కూరగాయలు కొనుక్కుని వస్తుంటే మా వెనకాల రోడ్డంతా ఉల్లిపాయలు. వెనక కారాయన ఆగి, ఏరి, సంచీలో వేసి ఇచ్చాడు. "సారీ మేట్, నాలుగు నేను తొక్కేశాను" అని క్షమాపణ కూడా చెప్పాడు.

రేడియో సంగతి వేరే చెప్పాలి. అందులో ఒక్క స్టేషనే వచ్చేది, అదీ గుర్రప్పందాలది. మనం ఆన్ చేస్తే పలికేది కాదు. గుంతలో పడితే తనంతట తనే మొదలయ్యేది. ఎవరో ఒకాయన ఊపిరి తీసుకోకుండా గుర్రాల పేర్లు అరుస్తుంటే మేం ముగ్గురం చర్చికి పోయేవాళ్ళం.

ఆ చర్చిలో కలిసేవాడు కెల్లీవిల్ అంకుల్, ఆ పేరున్న పేటలో పెద్ద ఇల్లూ, అప్పు మీద కొన్న కొత్త కారూ ఉన్నాయన. అందరికీ మంచి చేసే మనిషే, కాకపోతే ఆ మంచి నలుగురి ముందూ చెయ్యాలి. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన వంటలు హాల్లో పెట్టుకుని తింటాం కదా, సరిగ్గా నా ప్లేటులో బిర్యానీ పడే వేళకి ఆయన గొంతు లేచేది.

"ఏరా, మీ రథం ఇంకా ఊపిరితోనే ఉందా?"

"ఉందంకుల్. మీ కారు కిస్తీలు అయిపోయేదాకా ఉంటానని మాటిచ్చింది."

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, మీసం మాత్రం నవ్వేది కాదు. ఆ మీసం అంటే ఆయనకి ప్రాణం. చిన్న దువ్వెన జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

ఈ వేళాకోళం ఇలాగే సాగిపోయేది, ఓ బేకరీ యజమాని నాకో షరతు పెట్టకపోయి ఉంటే.

మా కోర్సులో సగం చదువు, సగం ఎవరో ఒకరి దగ్గర పని. పని దొరక్కపోతే కోర్సులోంచి తీసేస్తారు. నేను తిరిగి తిరిగి ఓ గ్రీకు పెద్దాయన బేకరీలో అడిగాను. నేను పిసికిన పిండిని వేలితో నొక్కి చూశాడు. "చేతులు బానే ఉన్నాయి. నోరు కొంచెం ఎక్కువుంది. పర్లేదు" అన్నాడు. తర్వాత కిటికీలోంచి తెల్ల వ్యాన్ చూపించాడు. "మొదటి రైలు లేవకముందే షాపులకి రొట్టె చేరాలి. ఇది గేర్ల బండి. దీనికి లైసెన్స్ తెచ్చుకో. నెలాఖరుకి తెస్తే పని నీది. లేకపోతే ఇంకో కుర్రాడు ఉన్నాడు."

పని పోతే కోర్సు పోతుంది. కోర్సు పోతే, నా వయసువాడు ఖాళీగా ఉండకూడదని అమ్మ రూలు, మళ్ళీ బళ్ళో కూర్చోవాలి. నాకు పీడకలొచ్చినా అంత పెద్దది రాలేదు అప్పటిదాకా.

డ్రైవింగ్ పరీక్షకి ఇక్కడ మన కారు మనమే తీసుకెళ్ళాలి. గేర్లు లేని కారులో పరీక్ష ఇస్తే గేర్లు లేని బండికే లైసెన్స్ ఇస్తారు, దాంతో వ్యాన్ ముట్టుకోవడానికి లేదు. మా చర్చి పార్కింగ్ అంతా వెతికాను. అన్నీ ఆటోమేటిక్. గేర్లున్నది ఒక్కటే, పుక్కిలించే నీళ్ళ రంగుది. డ్రైవింగ్ స్కూల్‌కి ఫోన్ చేస్తే, వాళ్ళ గేర్ల కారు ఒక్కటే ఉందిట, అది నెల దాటేదాకా ఖాళీ లేదుట.

ఆదివారం ఈ సంగతి హాల్లో పాకింది.

"మా కారు తీసుకెళ్ళరా" అన్నాడు కెల్లీవిల్ అంకుల్, అందరికీ వినపడేలా. "నువ్వు తోలక్కర్లేదు. అదే తోలుకుంటుంది."

"లైసెన్స్ నాక్కావాలంకుల్, మీ కారుకి కాదు."

"పొగరు చూడండి వీడికి! ఒరేయ్, ఆ డబ్బాలో నీకు లైసెన్సొస్తే నేను ఈ మీసం తీసేస్తాను."

"అందరూ విన్నారుగా?" అని నేను హాలంతా కలియజూశాను. పాస్టరు గారు పెరుగుపచ్చడి వడ్డించుకుంటూ "విన్నాం నాయనా" అన్నారు.

మొదటిసారి పరీక్షకి వెళ్ళిన రోజు పార్కింగ్ కూడా దాటలేదు. పరీక్ష పెట్టే ఆయన, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, పక్క సీటు వైపు వచ్చి తలుపు లాగాడు. ఆ తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుందని చెప్పేలోపు పిడి ఊడి ఆయన చేతిలోకొచ్చేసింది. ఆయన పిడి వంక చూశాడు, నా వంక చూశాడు. కిటికీలోంచి మర్యాదగా నాకందించి, "మళ్ళీ బుక్ చేసుకో" అని వెళ్ళిపోయాడు. నెలాఖరులోపు ఇంకొక్క తేదీయే దొరికింది.

ఆ సాయంత్రం అమ్మ తేల్చేసింది. "చాలు. స్క్రాప్ వాడికి ఫోన్ చెయ్యండి, పట్టుకుపోతాడు."

"అమ్మా, పరీక్ష ఉంది."

"పరీక్షలు నీకు కొత్తా? మా ఆసుపత్రిలో గేర్ల కారున్నవాళ్ళని అడిగి తెస్తాలే. ఈ కారుతో నా పరువు పోతోంది. మొన్న నన్ను డ్యూటీకి దింపుతామని తీసుకెళ్ళి, దారిలో నాచేతే తోయించారు తండ్రీ కొడుకులు. యూనిఫాంలో! మా వార్డు ముసలమ్మలు కిటికీలోంచి చప్పట్లు కొట్టారు."

"అందుకే కదమ్మా స్టార్టయింది."

అమ్మ నవ్వలేదు. చీపురు గోడకి ఆనించి మెల్లిగా అంది. "బడి వద్దన్నావు, సరే అన్నాను. ఇదైనా నిలబెట్టుకో. కారుతో పంతం పట్టి ఇది కూడా పోగొట్టుకోకు."

నేను ఎన్ని జోకులేసినా ఆ మాట మాత్రం కింద పడలేదు, అక్కడే నిలబడింది. కానీ కారు అమ్మడానికి నాకు మనసొప్పలేదు. ఎందుకో అమ్మకి చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను. చూసినవాడల్లా దీన్ని పనికిరాదన్నాడు. నన్నూ అన్నారు, రెండు దేశాల్లో. కాకపోతే ఇది మాత్రం రోజూ తిట్లు తింటూ, కక్కుతూ, దగ్గుతూ, వెళ్ళాల్సిన చోటుకి వెళ్తోంది. దీన్ని తుక్కులో వేసి వేరేవాళ్ళ మెత్తటి కారులో పాసైతే, పాసయ్యానని నాకనిపించదు. పడితే ఇద్దరం పడతాం, లేస్తే ఇద్దరం లేస్తాం అనుకున్నాను. పదిహేడేళ్ళ వయసులో ఇలాంటివి చాలా బలంగా అనిపిస్తాయి. ఇప్పటికీ అలాగే అనిపిస్తుందనుకోండి.

నాన్న నా వైపే. మర్నాడే ఇద్దరం పాత కార్లు విప్పి అమ్మే యార్డుకెళ్ళాం. ఎండలో తుక్కు మధ్య తిరిగి తిరిగి, సరిపోయే తలుపు పిడి పట్టాం. ఆకుపచ్చది. "రంగు చూసి మార్కులెయ్యర్లే" అన్నాడు నాన్న. బిగించి, పది సార్లు లాగి చూశాం. ఊడలేదు. నాన్న మొహంలో ఆ వెలుగు నేను మార్కులు తెచ్చిన రోజున చూసుంటే బాగుండేది, కానీ ఆ రోజు రాలేదు కదా.

ఖాళీ దొరికినప్పుడల్లా నాన్న పక్కన కూర్చుని నాకు నేర్పేవాడు. లారీ నేర్పినట్టే నేర్పేవాడు. మలుపొస్తే "హారన్ కొట్టరా!" అనేవాడు. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టు. ఒకటి రెండుసార్లు కొట్టాను కూడా. ముందు కారావిడ దిగొచ్చి "నేనేం చేశాను?" అంది. నాన్న వంగి "సారీ మేడమ్, కొడుకు, లెర్నింగ్" అన్నాడు. తప్పు ఎవరిదైనా "కొడుకు, లెర్నింగ్" అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది ఆయన దగ్గర.

పరీక్ష రేపనగా, మధ్యాహ్నం, కారు కింద మడుగు కనిపించింది. రేడియేటరు కారుతోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సోమవారం రమ్మన్నాడు. సోమవారానికి నేను బళ్ళో ఉంటాను.

నాన్న మాత్రం ఏమీ కంగారు పడలేదు. పైగా లారీ రోజులు తిరిగొచ్చినట్టు చొక్కా చేతులు మడిచాడు.

"పసుపు వెయ్యాలి" అన్నాడు.

"దెబ్బ తగిలింది నాకు కాదు నాన్నా, రేడియేటరుకి."

"అందుకేరా. హైవే మీద రేడియేటర్ కారితే ఏ లారీవాడైనా చేసేది అదే. పసుపు నీళ్ళలో కలిసి తిరిగి తిరిగి, చిల్లు దగ్గరికెళ్ళి గడ్డ కడుతుంది. తుని దగ్గర ఓసారి వేస్తే కలకత్తా దాకా చుక్క కారలేదు."

"అది లారీ. ఇది కారు."

"నేను లారీదాన్నా, కారుదాన్నా అని రేడియేటరు అడుగుతుందా?"

అమ్మ డ్యూటీలో ఉంది. నేను కారు కింద పడుకుని చిల్లు ఎక్కడుందో చూస్తున్నాను. నాన్న వంటింట్లోకి వెళ్ళాడు. మా ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ ఉంటాయి. పప్పులు, కారం, పసుపు, పిండ్లు, ఓ దాంట్లో సూదీ దారం. అన్నీ ఒకేలాంటి తెల్ల డబ్బాలు. ఏది ఏదో అమ్మకి చేతి బరువును బట్టి తెలుస్తుంది. నాన్నకి ఆ వారమంతా జలుబు.

కారు కిందనుంచి నాకు ఆయన పాదాలే కనిపించాయి. వచ్చాడు, నిలబడ్డాడు, పైన డబ్బా తట్టి ఏదో వంచాడు.

"ఎంత వేశావ్?"

"చిన్న బండే గానీ చిల్లు పెద్దదిరా. ఉన్నదంతా వేశాను."

ఇంజను వేసి కాసేపు ఉంచాం. నేను కింద చెయ్యి పెట్టి చూస్తే, నిజంగానే, కారడం ఆగిపోయింది. నాన్న చేతులు దులుపుకుని ఆ సాయంత్రమంతా ఇంట్లో కొత్త పెళ్ళికొడుకులా తిరిగాడు.

మర్నాడు నలభై డిగ్రీల ఎండ. జనవరి అంటే ఇక్కడ అసలైన ఎండాకాలం. రోడ్డు మీద తారు కాళ్ళకి అంటుకుంటోంది. పరీక్షా కేంద్రానికి నేను తోలుకుంటూ వెళ్ళాను, నాన్న పక్కన. దారిలోనే ఇంజను వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండేచోట ఉండకుండా పైకి పాకడం మొదలెట్టింది. చుక్క కారడంలేదు, అయినా ఇంజను ఉడికిపోతోంది.

"హీటర్ వెయ్" అన్నాడు నాన్న.

ఇంజను వేడెక్కితే హీటరు పూర్తిగా తిప్పాలి. ఆ వేడంతా కారులోకొస్తుంది, ఇంజను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. మనం పీల్చుకోలేం, అంతే తేడా. వేశాను. ముల్లు మెల్లిగా దిగింది. పార్కింగ్‌లో ఆపాక నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. రేకు కాలిపోతోంది. ఆమెన్ దాకా వెళ్ళకుండానే చెయ్యి తీసేశాడు.

ఈసారి వచ్చింది ఓ పెద్దావిడ. తెల్ల జుట్టు, మెళ్ళో తాడుకి నల్లకళ్ళజోడు. ఆకుపచ్చ పిడి పట్టి లాగింది. తలుపు తెరుచుకుంది. సగం పరీక్ష పాసైనట్టే అనిపించింది నాకు. ఆవిడ కూర్చుని, మొహం మీదికి వస్తున్న వేడిగాలి ఎక్కణ్ణుంచో అని వెతికింది.

"లవ్, హీటర్ ఆన్‌లో ఉంది." ఇక్కడి పెద్దావిడలు ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అలాగే పిలుస్తారు.

"అవును మేడమ్."

"బయట నలభై ఉంది."

"మాది ఆంధ్రా మేడమ్. మాకిది చలికాలం."

ఆవిడ నా వంక చాలాసేపు చూసింది. నేను నవ్వలేదు. నవ్వితే పోతుందని తెలుసు. "సరే, నాకు కిటికీ తెరుచుకోనీ" అంది. నేను డాష్‌బోర్డులోంచి పానా తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అద్దం దింపుకుని, పానా ఒళ్ళో పెట్టుకుని, "పద" అంది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. భుజం మీదుగా వెనక్కి చూశాను, అద్దాలు చూశాను, బడి దగ్గర నెమ్మదించాను. బడి అంటే నాకెటూ భయమే. నా చెమట నా కళ్ళల్లోకి కారుతోంది, ఆవిడ కాగితంతో విసురుకుంటోంది. అప్పుడు స్పీడు బ్రేకరు వచ్చింది. ఎంత మెల్లిగా ఎక్కించినా రేడియో మొదలైపోయింది. గుర్రాలు పరిగెత్తుతున్నాయి, ఆయన అరుస్తున్నాడు. కట్టేద్దామని చెయ్యి చాచబోయి ఆగాను. స్టీరింగ్ వదిలితే మార్కు పోతుంది.

"ఉండనీలే" అంది ఆవిడ. కాసేపు విని, "నువ్వు పందేలు కాస్తావా?" అనడిగింది.

"లేదు మేడమ్. నేనెక్కిన గుర్రంతోనే నాకు సరిపోతోంది."

ఆవిడ పెదవి కదిలింది. నవ్వో, వేడికి దాహమో తెలీదు.

ఆ తర్వాత ఎత్తు. ఎత్తు మీద ఆగమనే గుర్తు. అక్కడ ఆగి, మళ్ళీ కదిలేటప్పుడు కారు వెనక్కి ఒక్క బెత్తెడు జారినా పోయినట్టే. మా హ్యాండ్‌బ్రేక్ నామమాత్రం. మొత్తం పని కాళ్ళదే. ఆగాను. ఎదురుగా కార్లు వస్తూనే ఉన్నాయి, దారివ్వడంలేదు. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చేసింది. సరిగ్గా అప్పుడే హీటరులోంచి ఓ వాసన.

ముందు నాకు ఆకలేసింది. తర్వాత భయమేసింది. పసుపు కాగితే ఈ వాసన రాదు. నాకు బాగా తెలిసిన వాసన ఇది, వానాకాలం సాయంత్రాలు మా వంటింట్లోంచి వచ్చేది. నాన్న పోసింది శనగపిండి! డబ్బా డబ్బా పిండి రేడియేటర్లో ఉడికి ముద్దకట్టి, చిల్లు ఒక్కటే కాదు, దొరికిన దారల్లా మూసేస్తోంది. బేకరీ చదివేవాణ్ణి, నాకన్నా ముందు నా కారు వంట మొదలుపెట్టింది.

ఆవిడ గాలి పీల్చింది. "ఏంటిది? ఏదో వేగుతున్న వాసన."

"పక్కింట్లో అనుకుంటా మేడమ్."

పక్కన పార్కు ఉంది. ఇల్లు లేదు. ఆవిడ పార్కు వంక చూసింది. నేను రోడ్డు వంకే చూశాను.

ఆ క్షణంలో నాకు గ్రీకు పెద్దాయన వ్యాను కనిపించింది, దాన్ని తోలుతున్న ఇంకో కుర్రాడు కనిపించాడు. చీపురు గోడకి ఆనించి నిలబడ్డ అమ్మ కనిపించింది. "ఆగిపోతే ఇక్కడే తుక్కువైపోతావు, నేను బడికి పోతాను, నీ ఇష్టం" అని కారుతో మనసులోనే అన్నాను. దారి దొరికింది. క్లచ్ మీద ఎడమ కాలు మెల్లిగా లేపాను, కారు వణికింది, కుడి కాలు బ్రేకు మీంచి జరిపాను. వెనక్కి బెత్తెడు కాదు కదా, వెంట్రుకంత కూడా జారలేదు. దగ్గి, గర్జించి, బజ్జీల వాసన వదులుతూ ఎత్తెక్కేసింది.

తిరిగొచ్చి ఆపాను. ఇంజను కట్టేశాను. రేడియో మాత్రం ఆగలేదు, ఎవరిదో గుర్రం గెలిచింది. ఆవిడ మొహం ఎర్రగా కమిలిపోయింది. చెమట తుడుచుకుని, రాసుకుని, పానా తిరిగిచ్చింది.

"నువ్వు పాస్. కారు సంగతి నన్నడగలేదు కాబట్టి చెప్పను." దిగబోతూ ఆగింది. "ఇది చలికాలమైతే, మీ ఊళ్ళో ఎండాకాలం ఏం చేస్తారు?"

"ఇక్కడికొచ్చేస్తాం మేడమ్."

ఈసారి నిజంగానే నవ్వింది. ఆవిడ లోపలికి వెళ్ళిందో లేదో, బానెట్ అంచుల్లోంచి ఆవిరి బుసబుసా లేచింది. నాన్న నీళ్ళ సీసాలతో పరిగెత్తుకొచ్చాడు. నా చేతిలో కాగితముంది, పాసైన కాగితం, బతుకులో మొదటిది. ఆయన ముందు కారు దగ్గరికెళ్ళాడు.

"నాన్నా, పాసయ్యాను!"

"తెలుసులేరా, నీ మొహం చూస్తే తెలీదా! ముందు బానెట్ ఎత్తు, పాపం ఉడికిపోతోంది."

"నువ్వు పోసింది పసుపు కాదు. శనగపిండి."

నాన్న చల్లారేదాకా ఆగి, మూత దగ్గర పొంగినదాన్ని వేలితో తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జలుబు. నాలుక మీద పెట్టుకోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. వేలు చొక్కాకి తుడుచుకుని తల ఊపాడు.

"అందుకేరా అంత గట్టిగా పట్టింది."

అక్కణ్ణుంచే బేకరీకి ఫోన్ చేశాను. సోమవారం రమ్మన్నాడు పెద్దాయన, నోరు ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. తర్వాత కెల్లీవిల్ అంకుల్‌కి చేశాను. "అంకుల్, బ్లేడు మీ దగ్గరుందా, నన్ను తెమ్మంటారా?" అన్నాను. ఆయన "హలో, హలో, సిగ్నల్ లేదురా" అని పెట్టేశాడు. ఆదివారం మీసంతోనే వచ్చాడు. కానీ ఆ రోజు నుంచీ నా కారు ఊసెత్తలేదు, అది నాకు మీసం కన్నా ఎక్కువ.

పరీక్ష రోజున రేడియేటరు కడిగి, నీళ్ళు నింపి, ఆగి ఆగి ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కాగితం ఆవిడ మొహానికి అడ్డంగా పట్టుకున్నాను. చదివింది. మళ్ళీ చదివింది. తడి చేత్తోనే నా చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పని ఉన్నట్టేనా అనడిగింది. ఉన్నట్టే అన్నాను. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి తన పర్సులో దాచుకుంది. అలాంటప్పుడు కాసేపు నోరు మూసుకుని ఉండొచ్చు. నా వల్ల కాదు.

వంటింటి గుమ్మంలో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను. "ఈ ఇంట్లో పాసయ్యేది లారీ ఒక్కటే అన్నారు. ఇవాళ్టి నుంచి నేను కూడా! అదీ మీరంతా తుక్కులో పడెయ్యమన్న కారులో! అమ్మా, ఇప్పుడు నాకు మిరపకాయ బజ్జీలు కావాలి. పళ్ళెం నిండా."

"వేస్తాలేరా, ఎంతసేపు" అంది అమ్మ. మిరపకాయలు తీసి పక్కన పెట్టింది. మూకుడు పొయ్యి మీద పెట్టింది. అలమారలోంచి తెల్ల డబ్బా అందుకుంది. చేతికి బరువు తగల్లేదు. మూత తీసి, అడుగు చూసింది. డబ్బా బోర్లించింది. ఏమీ రాలలేదు.

నాన్న టీవీ గొంతు పెంచాడు.

అమ్మ కిటికీలోంచి బయట కారు వంక చూసింది. తర్వాత నాన్న వీపు వంక, తర్వాత నా వంక. నాన్న పసుపు వైద్యం పెళ్ళయినప్పటి నుంచీ ఎరిగిన మనిషి, ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మిరపకాయలు తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసి, మూకుడు దించేసి అంది:

"పిండి తిన్నదీ అదే, పాసయిందీ అదే. మధ్యలో నీకెందుకురా బజ్జీలు?"